మందు లేని పొట్లాలు

శాంపిల్ చేతిలో పెట్టకుండా ఎంత చెప్పినా ఎవరూ గుర్తుపెట్టుకోరని ఎనిమిదేళ్ల మెడికల్ రెప్ ఉద్యోగం నాకు నేర్పింది. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు... నల్ల బ్యాగు భుజాన వేసుకుని ఆ ఎండల్లో తిరిగాను. డాక్టరు తల ఎత్తి మన మొహం చూసేది శాంపిల్ స్ట్రిప్పు బల్ల మీద పెట్టినప్పుడే. ఆ పాఠం నాకు ఎంత ఒంటబట్టిందంటే, ఆ ఉద్యోగం వదిలేసి కర్నూలులో హెచ్ఐవీ రాకుండా చూసే ఒక చిన్న సంస్థలో చేరాక కూడా అదే బుద్ధితో పనిచేశాను. ఆ బుద్ధి ఒక మనిషిని ఎక్కడికి తెచ్చిందో ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా ఆఫీసు పాత ఊళ్లో ఒక సైకిల్ షాపు పైన రెండు గదులు. బోర్డు మీద ఆరోగ్య కేంద్రం అని మాత్రమే ఉండేది. వచ్చేవాళ్లంతా మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు. బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, టైలర్లు, ఆటోవాళ్లు, ఒక బడి పంతులు, పెళ్లిళ్లలో వంట చేసేవాళ్లు. సగం మందికి పెళ్లాం బిడ్డలున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్నే, పెళ్లి తప్పించుకోగలిగాను, అంతే తేడా. ప్రొద్దుటూరులో మావాళ్లకు నేను ఆస్పత్రికి సంబంధించిన ఏదో పని చేస్తున్నానని తెలుసు. ఏం పనో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మేం పంచేది కండోములు. జేబులో అవి దొరికితే పోలీసులు చెంపలు వాయించే రోజులవి. అయినా పంచేవాళ్లం, తీసుకునేవాళ్లు తీసుకునేవాళ్లు. చిక్కల్లా ఎక్కడంటే, కండోము తొడుక్కోవాల్సింది ఎదుటివాడు. వాడు వద్దంటే మనవాడు లేచి వచ్చేయాలి, లేదా ఊరుకోవాలి. లేచి వచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. తొడుక్కున్నా కొబ్బరినూనె రాసేవాళ్లు. నూనె తగిలితే రబ్బరు పిగిలిపోతుందని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

అలాంటప్పుడు హైదరాబాదులో ఒక మీటింగుకు పిలిచారు. అక్కడ ఒక డాక్టరమ్మ తెర మీద బొమ్మలు చూపిస్తూ, వైరస్‌ను లోపలే ఆపేసే జెల్లీ ఒకటి కనిపెట్టే పని ప్రపంచంలో జరుగుతోందని చెప్పింది. అయితే ఆ పనంతా ఆడవాళ్ల కోసం, ముందు దారి కోసం. వెనక దారి కోసం అడిగేవాళ్లే లేరు. ఆ లోపలి పొర చాలా పల్చన, అక్కడ ఏం పనిచేస్తుందో, ఏం చెరుపు చేస్తుందో విడిగా పరీక్షించాలి. అంతకుముందు మంచిదనుకుని వాడిన ఒక రసాయనం మేలు చేయకపోగా ఆ పొరనే ఒలిచేసిందట. ఇవన్నీ జాగ్రత్తగా చూడాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బు కావాలి, డబ్బు రావాలంటే మాకిది కావాలని మనుషులు నోరు తెరిచి అడగాలి. మీ ఊళ్ల నుంచి అడగండి, మీవాళ్లు ఏమంటారో రాసుకుని రండి అంది.

నాకు ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు, సంతోషంతో. ఎవడి ఒప్పుదలా అక్కర్లేని రక్షణ. తన చేతిలో ఉన్నది తను రాసుకుంటే చాలు, ఎదుటివాడికి తెలియక్కర్లేదు. తిరుగు బస్సులో జడ్చర్ల దాటేదాకా నాలో నేనే మాట్లాడుకుంటూ కూర్చున్నాను. నా మనసులో ఆ జెల్లీ అప్పటికే వచ్చేసింది, అదే నా మొదటి తప్పు.

ఆ బస్సులో నాకు ముందుగా గుర్తొచ్చింది బేతంచెర్ల కుర్రాడు. కుర్రాడంటే ఇరవై ఆరేళ్లవాడే, మనిషి సన్నగా ఉంటాడని అలా పిలిచేవాణ్ని. బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. ఎప్పుడు చూసినా చేతుల మీద, కనుబొమల మీద తెల్లటి రాతి బురద ఎండి ఉండేది. బండల లారీ నడిపే ఒక డ్రైవరుతో అతనికి మూడేళ్ల స్నేహం. ఆ డ్రైవరు కండోము మాట ఎత్తనిచ్చేవాడు కాదు. "తొడుక్కోనంటాడన్నా. నామీద నమ్మకం లేదా అని మొగం తిప్పుకుంటాడు. వాడు తిప్పుకుంటే నాకు పానం పోయినట్టుంటాది" అని ఒకసారి నాతో అన్నాడు. ఆ ఎండాకాలంలోనే నేను అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. ఏమీ లేదని వచ్చింది. బయట బండి దగ్గర ఇద్దరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని, ఈసారి తప్పించుకోలేనని అప్పుడే చెప్పాడు. పెళ్లయ్యాక వచ్చే పిల్లకు తన వల్ల ఏమీ కాకూడదని అతని భయం. ఆ భయం నాకు చాలా నచ్చింది, అంత భయం ఉన్నవాణ్ని కాపాడొచ్చు అనుకున్నాను.

ఇక మీటింగులో చెప్పిన పని. ఇలాంటి జెల్లీ వస్తే వాడతారా అని అడగాలి. ఊరికే అడిగితే ఎవడు చెప్తాడు? కంటికి కనిపించని వస్తువు గురించి అడిగితే నవ్వి ఊరుకుంటారు. నాలోని రెప్పు నిద్ర లేచాడు. ఆస్పత్రుల్లో పరీక్షలప్పుడు వాడే మామూలు జారుడు జెల్లీ ట్యూబులు కొన్నాను. అందులో ఏ మందూ ఉండదు, నీళ్లతో చేసింది, రబ్బరును పాడుచేయదు. చిన్న ప్లాస్టిక్ కవర్లు తెచ్చి, ఒక్కోదాంట్లో కొంచెం పిండి, కొవ్వొత్తి మంట మీద హాక్సా బ్లేడు ఆనించి అతికించాను. కిరాణా కొట్టువాళ్లు పోపుగింజల పొట్లాలు అతికిస్తారే, అలాగే. పైన ఏ కాగితమూ అంటించలేదు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఇది ఎలా ఉందో చూడండి, ఇలాంటి దాంట్లో రేపు మందు కలిపి ఇస్తే వాడతారా అని అడగాలని నా ఆలోచన. ఇలా చేయమని నాకెవరూ చెప్పలేదు. చేయొచ్చా అని నేనూ ఎవరినీ అడగలేదు.

పంచడానికి అమ్మ ఇల్లు ఎంచుకున్నాను. అమ్మ అంటే బయటి ప్రపంచానికి అరవై ఏళ్ల ముస్లిం వంటమాస్టరు, పెళ్లిళ్లలో ఆయన బిరియానీ అంటే ఊరంతా పేరు. మావాళ్లకు మాత్రం అమ్మే, అందుకని ఇక్కడా ఆమె అనే రాస్తాను. నంద్యాల, ఆత్మకూరు, బేతంచెర్ల, డోన్, ఎక్కడెక్కడి మావాళ్లో ఆమెకు వరసకు కూతుళ్లు. ఏటా రంజాన్ మరుసటి రోజు వాళ్లందరికీ కె.సి. కెనాల్ దగ్గర ఆమె ఇంట్లో షీర్ ఖుర్మా, అదే సేమ్యా ఖర్జూరం పాయసం, ఆ తర్వాత గాజులు. ఆమె తన చేత్తో ఒక్కొక్కరికి గాజులిస్తుంది, వాళ్లు రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంటారు. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ వేసుకుంటారు, బస్సుకు పోయేముందు తీసి అక్కడే ఒక డబ్బాలో పెట్టి వెళ్తారు. కొందరు ఒక గాజు జేబులో వేసుకుని పోతారు. అమ్మ ఇచ్చింది ఏదైనా సరే, ఇదేమిటని అడగరు. కూతుళ్ల ముందు అమ్మ మాటను ఎవరూ దిద్దరు. ఆ మర్యాద తెలిసే నేను పొట్లాలు ఆమె చేతికిచ్చాను. పెద్ద డాక్టరును పట్టుకుంటే చిన్న డాక్టర్లు వాళ్లంతట వాళ్లే రాస్తారన్నది రెప్పుల లెక్క.

ఆ రోజు ముందు నేనే లేచి మాట్లాడాను. ఇది మందు కాదు, ఉత్త జెల్లీ, ఎప్పటిలాగే కండోము ఉండాలి, మందు కలిపిన జెల్లీ ఇంకా తయారుకాలేదు, ఇది ఎలా ఉందో నెల తర్వాత వచ్చి అడుగుతాను అన్నాను. పది నిమిషాలు చెప్పి ఉంటాను. లోపల షీర్ ఖుర్మా గిన్నెల చప్పుడు, గాజుల గోల, సగం మంది వింటున్నారు. తర్వాత అమ్మ లేచింది. గాజులిచ్చినట్టే ఒక్కొక్కరికి నాలుగేసి పొట్లాలు తీసి, ముందు తన కళ్లకద్దుకుని, వాళ్ల చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. "బిడ్డలారా, ఇది రోగం రానీకుండా కాపాడే మందు. నా చేత్తో ఇస్తాండా. బద్రంగా పెట్టుకోండి" అంది. గదిలో ఒక్కసారి అందరూ సద్దుమణిగారు. నా మాటలప్పుడు అలా సద్దుమణగలేదు.

నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. అమ్మా, అది మందు కాదు అనాలి. ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఇంట్లో, ఆమె పండగలో, ఆమె కూతుళ్ల ముందు ఆమెను దిద్దడమంటే చిన్నబుచ్చడమే అనిపించింది. భోజనాలయ్యాక విడివిడిగా చెప్దాంలే అనుకున్నాను. భోజనాలయ్యేసరికి సగం మంది బస్సులకు పోయారు. ఇద్దరు ముగ్గురికి చెప్పాను. బేతంచెర్ల కుర్రాడికి చెప్పలేదు, అతను రైలుకు వేళయిందని ముందే వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఫారాలు నింపడానికి తిరిగాను. వాసన ఎలా ఉంది, జిగురుగా ఉందా, బట్టలకు మరక పడిందా, మందు కలిపి ఇస్తే వాడతారా. అందరూ వాడతాం అన్నారు. బేతంచెర్లలో ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి కుర్రాణ్ని అడిగితే, బాగా పనిచేసిందన్నా అన్నాడు. జారుడు జెల్లీ పనిచేయడం ఏమిటని అడగాల్సింది అక్కడే. నేను మాత్రం నచ్చింది అన్న గడిలో టిక్కు పెట్టి మరో మనిషి దగ్గరికి పోయాను. హైదరాబాదులో రెండో మీటింగులో లేచి, కర్నూలు జిల్లాలో మావాళ్లు ఈ జెల్లీ కోసం ఎదురుచూస్తున్నారని చదివితే చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగానే ఉండింది. తర్వాత కొన్నేళ్లకు తుంగభద్ర ఊళ్లోకి వచ్చి మా ఆఫీసు బీరువాలన్నీ బురద చేసినప్పుడు, ఊరంతా ఏడుస్తుంటే నేను ఆ ఫారాలు పోయినందుకు లోలోపల సంతోషించాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

చలికాలం చివర్లో కుర్రాడు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో స్వీటు డబ్బా. పెళ్లి కుదిరింది, ఆత్మకూరు సంబంధం, మాఘంలో ముహూర్తం. శుభలేఖ నా చేతిలో పెట్టి, పొట్లాలు అయిపోయాయి ఇంకో పది కావాలన్నాడు. తన నాలుగూ అయిపోతే నంద్యాలలో ఒక టైలరు వాటావి కూడా అడిగి తీసుకున్నాడట. మూల కొంచెం కత్తిరించి, వాడుకున్నంత వాడుకుని, మళ్లీ దారంతో కట్టి దాచేవాడట. డ్రైవరు ఇప్పుడు అలగడం మానేశాడని, కండోము గొడవే లేదని చెప్పి నవ్వాడు. పెళ్లయ్యే లోపల ఆ స్నేహం మానేస్తానని, అంతదాకా మందు ఉంది కాబట్టి ఆ పిల్లకు భయం లేదని అన్నాడు.

శుభలేఖ బల్ల మీద పెట్టేశాను. తలుపు వేసి కూర్చోబెట్టి చెప్పాను. అది మందు కాదు, ఆస్పత్రి జెల్లీ, నేనే కొవ్వొత్తి మీద అతికించాను. అతను కోప్పడలేదు. "అయితే ఇన్నాళ్లూ నేను ఉత్తదే రాసుకున్యానా?" అని మాత్రం అడిగాడు. స్వీటు డబ్బా ఇంకా అతని ఒళ్లోనే ఉంది.

మరుసటి రోజు ఆస్పత్రికి వెళ్లాం. ఒకటి కాదు, మూడు రకాల పరీక్షలు చేశారు. మూడింటిలోనూ ఉందని వచ్చింది. కౌన్సిలర్ మంచిది, మెల్లగా చెప్పింది. ఇది ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు, ఎండాకాలం పరీక్ష నాటికే సోకి బయటపడకుండా ఉండి ఉండొచ్చు అంది. అతనికి ఓదార్పుగా అన్న ఆ మాటను నేను పట్టుకున్నాను. ఏళ్ల తరబడి పట్టుకున్నాను. నా పొట్లాల వల్లే అని రుజువేముంది అని రాత్రీ పగలూ నాకు నేను చెప్పుకున్నాను. రుజువు లేదన్న మాట నిజమే. కానీ పొట్లాలు వాడిన ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా అతను డ్రైవరుతో కండోము కోసం పోట్లాడేవాడేమో, ఆ పోట్లాట నేను మాన్పించాను. ఇది తెలియడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

అప్పటికి పెళ్లికి మూడు వారాలుంది. పెళ్లి ఆగాలి. ఆపుతాను అన్నాడు అతనే, నేను చెప్పక ముందే. ఏం కారణం చెప్పాలో తెలియక రెండు రోజులు ఆఫీసులోనే కూర్చున్నాడు. రోగం మాట చెప్తే ఇంట్లో తల్లినీ చెల్లెల్నీ కూడా ఊళ్లో ఎవరూ ముట్టుకోరు. డ్రైవరు సంగతి చెప్తే చంపేస్తారు. ఆత్మకూరుకు పెద్దమనిషిలా నువ్వు కూడా రా అన్నా, నాలుగు మాటలు సర్దిచెప్పు అని అడిగాడు. సరే అన్నాను. ఆ పొద్దున జ్వరం అని కబురు పంపాను. జ్వరం లేదు. అక్కడ ఎవరైనా ఈయనెవరు, ఈయనకూ పెళ్లెందుకు కాలేదు అని అడుగుతారని భయం. అతను ఒక్కడే వెళ్లి, ఆ పిల్ల తండ్రి, మేనమామల ముందు నిలబడి, నేను సంసారానికి పనికిరాను అని చెప్పాడు. మా సీమలో ఒక మగవాడు తన నోటితో తను అనగలిగిన మాటల్లో అంతకంటే హీనమైనది లేదు. మేనమామ కొట్టాడు. పడ్డాడు. ఇంటికొస్తే సొంత అన్న ఇతని బట్టల పెట్టె వీధిలో పెట్టాడు. ఆ మాట ఫ్యాక్టరీలో మూడో రోజుకల్లా తెలిసింది, రాతి పొడిలో కూర్చుని తిండి తినేచోట ఎవరూ పక్కన కూర్చోలేదు.

ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆమెకేమీ కాలేదు. ఈ మొత్తం వ్యవహారంలో సరైన పని అదొక్కటే జరిగింది, అది చేసినవాడు అతనే.

అమ్మకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె పెద్ద బిరియానీ డేగిసా ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. విని, కత్తిపీట పక్కకు జరిపి, తను చదువురానిదని, చదువుకున్నవాడివి నువ్వు ఆ పూటే తన నోరు మూయించాల్సిందని అంది. మళ్లీ ఏడాది రంజాన్‌కు గాజులివ్వలేదు. కూతుళ్లు వచ్చి, ఖుర్మా తాగి, మామూలు చేతులతో వెళ్లిపోయారు.

కుర్రాడు ఎర్రగుంట్ల పోవడానికి నిర్ణయించుకున్నాడు. అక్కడా బండల పనే, తెలిసినవాళ్లు లేరు. కడప పెద్దాసుపత్రిలో పేరు రాయించుకుని మందులు తీసుకుంటానన్నాడు. నంద్యాల దాకా రైలు, అక్కడినుంచి బస్సు. బేతంచెర్ల స్టేషనులో మధ్యాహ్నం ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ప్యాసింజరు ఆలస్యం. ఎదురుగా గూడ్సు బండికి బండలు ఎక్కిస్తున్నారు. నేను ఆ రోజు చెప్పేద్దామనే వెళ్లాను. అమ్మ ఆ మాట అన్నప్పుడు విన్నానని, విని కూడా మర్యాద కోసం నోరు మూసుకున్నానని, ఆత్మకూరుకు రానిది జ్వరం వల్ల కాదని చెప్పాను. అతను తిడతాడని, తిడితే నాకు కొంచెం తేలికవుతుందని ఆశ.

అతను గూడ్సు బండివైపే చూస్తూ విన్నాడు. జ్వరం సంగతి తనకు అప్పుడే తెలుసన్నాడు. తర్వాత అన్నాడు:

"అమ్మ మందంటానే నాకూ అనుమానమొచ్చిందన్నా. ముందు నువ్వు మందు గాదంటివి గదా. ఎవురి మాట నిజమో తెలీక నీ తట్టు సూసినా. నువ్వు తల ఊపితివి."

నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తులేదు. ఆ గది గుర్తుంది, గాజులు గుర్తున్నాయి, అమ్మ చేతుల్లో పొట్లాలు గుర్తున్నాయి, నా తల మాత్రం గుర్తులేదు. రెప్పుగా ఎనిమిదేళ్లు పెద్దవాళ్లు ఏమన్నా తల ఊపడమే నా పని, ఊపే ఉంటాను. అతను ఎందుకని అడగలేదు, నిందించలేదు, జరిగింది చెప్పాడంతే. ప్యాసింజరు వచ్చింది. పెట్టె అందించాను. అతను కిటికీ దగ్గర కూర్చుని, మందు కలిపిన జెల్లీ ఎప్పటికైనా వస్తుందా, వస్తే మిగతావాళ్లకు సరిగ్గా చెప్పి ఇస్తావా అని అడిగాడు. ఇస్తానన్నాను. రైలు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను, నేను తల ఊపలేదని మాత్రం అనలేకపోయాను.